పెళ్లి బట్టల మీద మేకప్ మరకలు: ఇంట్లోనే తీసే పద్ధతి

అప్పగింతల దగ్గర ఆడపిల్ల తండ్రి భుజం మీద వాలి ఏడుస్తుంది. ఆ కాసేపు ఎవరికీ బట్టల మీద ధ్యాస ఉండదు, ఉండకూడదు కూడా. మా చిన్నాన్న కూతురి పెళ్లిలో కారు కదిలి వెళ్లిపోయాక చూస్తే, చిన్నాన్న తెల్లచొక్కా ఎడమ భుజం మీద అమ్మాయి ముఖం అచ్చు పడినట్టుంది. బుగ్గ ఆనిన చోట అరచేయంత గోధుమరంగు ఫౌండేషన్. దాని మీద కన్నీళ్లతో జారిన కాటుక, రెండు చారలు. కాలరు పక్కన లిప్‌స్టిక్. అక్కడక్కడా కుంకుమ రేణువులు. పిన్ని చేతిరుమాలు తడిపి తెచ్చి రుద్దబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాను.

"పిన్నీ, నీళ్లు పెట్టకు. ఇంటికెళ్లాక నేను చూస్తాగా."

ఆ రాత్రి పదకొండింటికి మొదలుపెట్టాను. మర్నాడు మధ్యాహ్నానికి చొక్కా తెల్లగా తీగ మీద ఆరుతోంది. ఇందులో గొప్ప రహస్యమేమీ లేదు. ఏది ముందు, ఏది తర్వాత అన్న వరస తెలిస్తే చాలు. ఆ వరస తప్పితేనే మామూలు మరక మొండి మరకవుతుంది. చాలా ఏళ్ల కిందట నాకు ఎంతో ఇష్టమైన తెల్ల మంగళగిరి చున్నీకి చిన్న లిప్‌స్టిక్ గీత అంటితే, వేడినీళ్లు పోసి బట్టల సబ్బుతో గట్టిగా రుద్దాను. గోరంత గీత అరచేయంత గులాబీ మచ్చయింది. ఆ చున్నీ మళ్లీ వేసుకోలేకపోయాను. ఇంకెవరికీ అలా జరగకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

మరకలో ఏముంటుంది

ప్రతి మేకప్ మరకలోనూ జిడ్డు ఉంటుంది, ఆ జిడ్డును పట్టుకుని రంగు ఉంటుంది. లిప్‌స్టిక్ అంటే మైనం, నూనెలు, రంగు కలిపి పోత పోసిన కడ్డీ. అందులో ఎక్కువగా వాడే నూనెల్లో మన ఆముదం ఒకటి. ఫౌండేషన్‌లో నూనెనో సిలికానో, దానిలో సన్నగా నూరిన టైటానియం డయాక్సైడ్, ఐరన్ ఆక్సైడ్ పొడులు. కాటుకలో నల్లదనం ఎక్కువగా మసి, అంటే కార్బన్.

ఇది తెలిస్తే మూడు సంగతులు వాటంతట అవే అర్థమవుతాయి. ఒకటి, జిడ్డు పోనిదే రంగు కదలదు, ఉత్త నీళ్లకు జిడ్డు లొంగదు. రెండు, వేడి తగిలితే మైనం కరిగి నూలు పోగుల్లోకి ఇంకుతుంది, రంగును కూడా వెంట తీసుకెళ్తుంది. నా చున్నీకి జరిగింది అదే. మూడు, బ్లీచ్ ఇక్కడ పెద్దగా పనికిరాదు. ఐరన్ ఆక్సైడ్, మసి బ్లీచ్‌కి తెల్లబడే రంగులు కావు. వాటిని పోగుల మధ్య నుంచి బయటికి తేల్చాలి తప్ప ఇంకో దారి లేదు.

కాబట్టి ఏ బట్టయినా, ఏ మరకయినా వరస ఒకటే: ముందు పొడిగా తీయగలిగినంత తీయడం, తర్వాత జిడ్డు, ఆ తర్వాత మిగిలిన రంగు, చివర్లో మామూలు ఉతుకు. ఇస్త్రీ మాత్రం మరక పూర్తిగా పోయిందని పగటి వెలుతురులో చూసుకున్నాకే.

ఫంక్షన్ హాల్లో ఉండగానే చేయాల్సింది

మరక పడిన మొదటి పది నిమిషాల్లో మీరు చేసేదానికన్నా చేయకుండా ఉండేదే ముఖ్యం. తడి రుమాలు వద్దు, వెట్ టిష్యూ వద్దు, గోరుతో గీకొద్దు. పొడి టిష్యూ పేపర్‌ను మరక మీద పెట్టి వేలితో నొక్కి, పైకి ఎత్తేయండి. పక్కకి లాగొద్దు. శుభ్రంగా ఉన్న చోటుకి టిష్యూ మార్చుకుంటూ మళ్లీ నొక్కండి. మరక మందంగా ఉంటే చెంచా అంచుతో బయటి నుంచి మధ్యకి మెల్లగా తోడేయండి. మధ్య నుంచి బయటికి తోడితే మరక పెద్దదవుతుంది.

తర్వాత ఎవరి హ్యాండ్‌బ్యాగ్‌లోనైనా టాల్కం పౌడర్ దొరుకుతుంది, అది చల్లండి. జిడ్డును చాలావరకు పీల్చుకుంటుంది. పౌడర్ దొరక్కపోతే వంటవాళ్ల దగ్గర కాస్త కార్న్‌ఫ్లోర్ అడిగినా పని జరుగుతుంది. శనగపిండి మాత్రం వద్దు, దానికే పసుపు రంగు ఉంది. పౌడర్ చల్లిన చోట బట్ట మడత పడకుండా ఒక పిన్నుతో ఎడంగా పట్టి ఉంచితే ఇంటికెళ్లేదాకా ఫర్వాలేదు.

ఒకవేళ పడింది లిప్‌స్టిక్ లాంటి జిడ్డు మరక కాకుండా కాంపాక్ట్ పౌడర్, బ్లష్, ఐషాడో లాంటి పొడి అయితే అసలు ముట్టుకోవద్దు. బట్టను వంచి, దులిపి, నోటితో ఊదండి. చాలాసార్లు అక్కడితోనే అయిపోతుంది. వేలు పెట్టారంటే వేలికున్న చెమటకి, జిడ్డుకి ఆ పొడి కూడా మరకైపోతుంది.

దగ్గర ఉంచుకోవాల్సినవి

గిన్నెలు తోమే లిక్విడ్ ఒకటి. మేకప్ మరకలకు నాకు తెలిసినంతలో దీన్ని మించిన మందు లేదు. నేతి గిన్నె జిడ్డు వదలగొట్టేది లిప్‌స్టిక్ జిడ్డునూ వదలగొడుతుంది. రంగు తక్కువున్నది చూసి తీసుకోండి. మెడికల్ షాపులో దొరికే సర్జికల్ స్పిరిట్, లేదా రంగు లేని హ్యాండ్ శానిటైజర్. దూది. పాతబడి మెత్తబడ్డ తెల్ల నూలు గుడ్డలు మూడు నాలుగు, పాత పంచె చింపిన ముక్కలైతే ఇంకా మంచిది. బాగా అరిగిన మెత్తటి టూత్‌బ్రష్. ఒక చెంచా. తెల్ల నూలు బట్టల కోసం హైడ్రోజన్ పెరాక్సైడ్. మెడికల్ షాపుల్లో మామూలుగా దొరికేది 6 శాతం ద్రావణం. దానికి అన్నే నీళ్లు కలిపితే 3 శాతం అవుతుంది, మనకి ఆ పాటి గాఢత చాలు. నిమ్మఉప్పు కొంచెం. పట్టుకైతే కుంకుడుకాయలు, లేదా పట్టు, ఉన్ని కోసమే అమ్మే మెత్తటి లిక్విడ్ సబ్బు.

స్పిరిట్, నెయిల్ పాలిష్ రిమూవర్ రెండూ ఇట్టే అంటుకుంటాయి. పొయ్యి దగ్గర, దేవుడి దీపం దగ్గర ఈ పని పెట్టుకోవద్దు. కిటికీ తీసి ఉంచండి. బ్లీచ్‌తో నిమ్మరసంగానీ వెనిగర్‌గానీ ఎప్పుడూ కలపొద్దు, విషవాయువు వస్తుంది. పెట్రోల్‌తో తుడిస్తే పోతుందని పాతకాలం వాళ్లు చెప్తుంటారు. జిడ్డు పోయే మాట నిజమే, కానీ ఇంట్లో అంత ప్రమాదం నెత్తిన పెట్టుకోవాల్సిన మరక ఏదీ లేదు.

మరకకన్నా ముందు బట్టను చూడండి

తెల్ల నూలు బట్ట దేనికైనా తట్టుకుంటుంది. కింద చెప్పే మొత్తం పద్ధతి దాని మీద నిశ్చింతగా చేయొచ్చు. రంగు నూలు బట్టకి పెరాక్సైడ్ మానేయండి. పాలిస్టర్, జార్జెట్ బట్టలకి జిడ్డంటే మహా ప్రీతి, కాబట్టి లిక్విడ్ ఎక్కువసేపు ఉంచాలి. అయితే రంగు వాటికి లోతుగా పట్టదు, అదొక సుళువు.

కలంకారీ విషయంలో చాలా జాగ్రత్త. చెట్ల రంగులతో, పటికతో, బెల్లంలో ఊరబెట్టిన ఇనుము నలుపుతో వేసిన అసలైన కలంకారీ మీద నిమ్మరసం, నిమ్మఉప్పు, వెనిగర్ ఏవి పడినా ఆ నల్లగీత వెలిసిపోతుంది. మరక పోవడం సంగతి అటుంచి, బొమ్మే పోతుంది. దానికి కుంకుడు రసం, చన్నీళ్లు తప్ప మరేమీ వద్దు. గద్వాల చీరకి ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు. మరక ఒంటి మీద పడిందా, అంచు మీద పడిందా చూసుకుని దాన్నిబట్టి నడవాలి.

ఏ బట్టయినా సరే, వాడబోయేది ముందు కనపడని చోట పరీక్షించండి. చొక్కాకి లోపలి కుట్టు, చీరకి నడుం దగ్గర లోపలికి దోపుకునే మూల, జాకెట్టుకి లోపలి మార్జిన్. దూదిని స్పిరిట్‌లో ముంచి ఆ చోట అర నిమిషం అద్ది ఉంచండి. దూదికి బట్ట రంగు అంటితే ఆ మందు ఆ బట్టకి పనికిరాదు. ఐదు నిమిషాల పని ఇది. దీన్ని దాటేసి తర్వాత బాధపడినవాళ్లను చాలామందిని చూశాను.

చిన్నాన్న చొక్కా: అసలు పద్ధతి

1. ముందు పొడిపని. చొక్కాను బాల్కనీలోకి తీసుకెళ్లి, భుజం భాగం కిందికి వేలాడేలా పట్టుకుని వెనక నుంచి వేలితో తట్టాను. కుంకుమ రేణువులు చాలావరకు రాలిపోయాయి. మిగిలిన వాటి మీద సెల్లోటేప్ మెల్లగా అంటించి ఎత్తేశాను. ఈ పని చేయకుండా తడిపి ఉంటే కుంకుమంతా కరిగి భుజం ఎర్రగా అయ్యేది.

2. చొక్కాను తిరగేశాను. టేబుల్ మీద ప్లాస్టిక్ షీటు, దాని మీద నాలుగు మడతలేసిన తెల్ల గుడ్డ, దాని మీద మరక ఉన్న వైపు కిందికి వచ్చేలా చొక్కా. ఇప్పుడు మనకి కనపడేది మరక వెనక వైపు. మందు వెనక నుంచి పెడితే మరక వచ్చిన దారినే బయటికి పోతుంది. ముందు నుంచి పెడితే బట్టలోకి ఇంకా లోతుగా దిగుతుంది. మొత్తం పద్ధతిలో ఒక్కటే గుర్తుంచుకోగలిగితే ఇది గుర్తుంచుకోండి.

3. లిప్‌స్టిక్, ఫౌండేషన్ ఉన్న చోట దూదిని స్పిరిట్‌లో ముంచి, పిండి, వెనక నుంచి నిలువుగా నొక్కాలి. రుద్దకూడదు. పది సెకన్లు నొక్కి చొక్కా పైకెత్తి చూశాను. కింద గుడ్డ మీద గులాబీ రేకు లాంటి ముద్ర. గుడ్డను శుభ్రమైన చోటుకి జరిపి మళ్లీ నొక్కాను. రెండో ముద్ర కాస్త లేత, మూడోది ఇంకా లేత. కింద గుడ్డకి రంగు అంటడం పూర్తిగా ఆగేదాకా ఇలాగే చేయాలి. నాకు తొమ్మిదో పదో సార్లు పట్టింది. ప్రతిసారీ గుడ్డ జరపడం, దూది మార్చడం మర్చిపోవద్దు. మర్చిపోతే తీసిన రంగునే మళ్లీ పెడుతున్నట్టవుతుంది.

4. కాటుక చారలకి స్పిరిట్ వాడలేదు. మసి దేనిలోనూ కరగదు, స్పిరిట్ పోస్తే పాకి బూడిదరంగు నీడలా పరుచుకుంటుంది. అక్కడ నీళ్లు కలపని గిన్నెల లిక్విడ్‌ను రెండు చుక్కలు వేసి, వేలికొసతో చిన్న గుండ్రాలుగా, ఈకతో రాసినంత మెల్లగా తిప్పాను. లిక్విడ్ బూడిదరంగులోకి మారగానే దాన్ని పొడి గుడ్డతో అద్ది తీసేసి మళ్లీ కొత్త చుక్కలు. ఓపికకి పరీక్ష పెట్టే చోటు ఇదొక్కటే. నాలుగుసార్లు చేశాక నలుపు పోయింది.

5. తర్వాత మరక ఉన్న మొత్తం భాగానికి లిక్విడ్ పట్టించి పావుగంట వదిలేశాను. ఆరిపోకుండా చూసుకోవాలి. టూత్‌బ్రష్‌తో నేత ఎటు ఉందో అటే, నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి, తేలిగ్గా దువ్వాను.

6. కుళాయి కింద, మళ్లీ వెనక వైపు నుంచే, మామూలు నీళ్లు ధారగా పోనిచ్చాను. నురగ పూర్తిగా పోవాలి.

7. ఇక్కడ చాలామంది తొందరపడతారు. తడి బట్ట మీద మరక కనపడదు, పోయిందనిపిస్తుంది. ఆరాక మళ్లీ తేలుతుంది. అందుకే ఆ రాత్రి ఫ్యాను కింద ఆరేసి, పొద్దున కిటికీ దగ్గర చూశాను. లిప్‌స్టిక్ ఉన్న చోట చాలా లేత గులాబీ నీడ మిగిలింది. జిడ్డు మాత్రం పోయింది. నీటిచుక్క వేసి చూస్తే వెంటనే ఇంకింది. జిడ్డుంటే చుక్క కాసేపు నిలబడుతుంది. జిడ్డు పోయిందా లేదా తెలుసుకోవడానికి ఇదే తేలికైన పరీక్ష.

8. మిగిలిన నీడ మీద 3 శాతం పెరాక్సైడ్ దూదితో అద్ది అరగంట ఉంచి కడిగాను. ఇది తెల్ల నూలుకే. జిడ్డు పోయిందని రూఢి అయ్యాక బట్టల పౌడర్ కలిపిన గోరువెచ్చని నీళ్లలో గంట నానబెట్టి మామూలుగా ఉతికి ఎండలో వేశాను. పూర్తిగా ఆరాక ఇంకోసారి చూసి, అప్పుడు ఇస్త్రీ.

అమెరికాలోనో మరెక్కడో ఉండి డ్రయ్యర్ వాడేవాళ్లకి కూడా ఇదే మాట. మరక పోయిందని చూసుకోకుండా డ్రయ్యర్‌లో వేస్తే ఇస్త్రీ పెట్టినట్టే లెక్క.

కొన్ని మరకల ప్రత్యేక గుణాలు

ముద్దు పెట్టినా, గ్లాసు తాకినా అంటని లిక్విడ్ లిప్‌స్టిక్కులు ఇప్పుడు ఎక్కువ. అవి ఆరాక బట్ట మీద సన్నటి పొరలా బిగుసుకుంటాయి, స్పిరిట్ ఒక్కదానికి సరిగ్గా లొంగవు. వాటిని ముఖం మీద నుంచి దేనితో తీస్తారో దానితోనే బట్ట మీదా తీయాలి: నూనె ఉన్న మేకప్ రిమూవర్, లేకపోతే కొబ్బరినూనె నాలుగు చుక్కలు. పది నిమిషాలుంచితే పొర మెత్తబడి లేస్తుంది. తర్వాత ఆ నూనెను వదిలించడానికి గిన్నెల లిక్విడ్ ధారాళంగా వాడాలి. వాటర్‌ప్రూఫ్ మస్కారాకీ ఇదే దారి. ఇదంతా నూలు, పాలిస్టర్ బట్టలకే. పట్టు మీద నూనె పెట్టొద్దు.

జాకెట్టు మెడ చుట్టూ పట్టే ఫౌండేషన్‌లో చెమట కూడా కలిసి ఉంటుంది. ఎండాకాలం పెళ్లిళ్లలో ఇది తప్పదు. షేవింగ్ ఫోమ్ ఉంటే మెడపట్టీ పొడుగునా రాసి పదిహేను నిమిషాలుంచి తడిగుడ్డతో తుడవండి. ఫోమ్‌లో ఉండేదీ సబ్బే, కానీ కారిపోకుండా నిలబడుతుంది కాబట్టి పట్టీ లాంటి సన్నని చోట్ల వాటం. మెడకి పూసలూ కుందన్లూ కుట్టిన జాకెట్టయితే స్పిరిట్ దగ్గరికి రానివ్వొద్దు, వాటిని అంటించిన జిగురు ఊడిపోతుంది.

నెయిల్ పాలిష్ పూర్తిగా ఆరనిచ్చి, లేచినంత పొర లేపి, ఆ తర్వాతే అసిటోన్ ఉన్న రిమూవర్ వెనక నుంచి అద్దండి. ముందు లేబుల్ చూడండి. అసిటేట్ అనే రకం బట్టను అసిటోన్ మరకతో సహా కరిగించేస్తుంది, చిల్లు పడుతుంది. మెరిసే లైనింగు బట్టల్లో ఈ రకం ఉంటుంది. ఏ బట్టో తెలియకపోతే కుట్టు లోపల పోగు మీద పరీక్షించందే పెట్టొద్దు.

సన్‌స్క్రీన్ మరక వచ్చే తీరు వింతగా ఉంటుంది. వేసుకున్నప్పుడు కనపడదు. ఉతికాక కాలరు దగ్గర తుప్పురంగు మచ్చలు తేలతాయి. చాలా సన్‌స్క్రీన్లలో ఉండే అవోబెంజోన్ నీళ్లలోని ఇనుముతో కలిస్తే అలా అవుతుంది. ఇనుము ఎక్కువగా ఉన్న బోరునీళ్లు వాడే ఇళ్లలో ఈ బెడద ఎక్కువ. బ్లీచ్ వేస్తే మచ్చ ఇంకా ముదురుతుంది. ఉతకడానికి ముందే కాలరుకి గిన్నెల లిక్విడ్ పట్టించి జిడ్డు తీసేయాలి. మచ్చ అప్పటికే వచ్చేసి ఉంటే గ్లాసు నీళ్లలో చెంచా నిమ్మఉప్పు కలిపి, తెల్ల నూలు బట్టకి అరగంట పట్టించి బాగా జాడించండి. తుప్పుమరకకి చేసే వైద్యమే ఇది.

పసుపు, పారాణి, కుంకుమ, గోరింటాకు

మేకప్ గురించి రాసినవాళ్లు వీటిని వదిలేస్తుంటారు. మన పెళ్లిళ్లలో లిప్‌స్టిక్‌కన్నా ఇవే ఎక్కువ అంటుతాయి.

పసుపు అంటిన బట్టకి సబ్బు పెట్టగానే మరక ఎర్రగా మారుతుంది. అది చూసి కంగారుపడి ఇంకా రుద్దుతారు. మరక ముదరలేదు, పసుపులోని కుర్కుమిన్ క్షారం తగిలితే ఎర్రబడుతుంది, అంతే. నీళ్లతో సబ్బు పోయేదాకా జాడిస్తే మళ్లీ పసుపవుతుంది. ఈ రంగుకి ఎండ పడదు. సబ్బుతో ఉతికి, తడిగానే ఎండలో పరిచి, ఆరాక మళ్లీ తడిపి ఎండలో వేస్తే రెండు మూడు రోజుల్లో తెల్ల నూలు మీద పసుపు జాడ లేకుండా పోతుంది. మంగళస్నానం పంచెలన్నీ మా ఇంట్లో ఇలాగే తెల్లబడ్డాయి, ఏ మందూ వాడలేదు.

పారాణి అంటే పసుపూ సున్నమూ. ఎరుపు రావడానికి కారణం పైన చెప్పిందే. చీర కుచ్చిళ్ల అంచుకి అంటితే, నూలు చీరయితే ఒక చుక్క నిమ్మరసం అద్దండి. మన కళ్ల ముందే ఎరుపు పసుపుగా మారిపోతుంది. అక్కడి నుంచి అది మామూలు పసుపు మరకే. కుంకుమ కూడా పసుపు, సున్నంతో చేసిందయితే ఇలాగే లొంగుతుంది. కృత్రిమ రంగు కలిపిందయితే లొంగదు. మీ ఇంట్లోది ఏదో తెలుసుకోవాలంటే పళ్లెంలో చిటికెడు వేసి నిమ్మచుక్క పిండి చూడండి. పసుపుగా మారితే అసలైనది. మారకపోతే అది బట్టకి అంటినప్పుడు పొడిగా దులపడం దగ్గరే గెలవాలి. తడిసిందంటే చన్నీళ్లతో వెనక నుంచి ధారగా కడగడం, లిక్విడ్, చివరికి స్పిరిట్.

గోరింటాకు సంగతి నిక్కచ్చిగా చెప్పాలి. దాని రంగు, లాసోన్, చర్మాన్నీ గోరునీ ఎలా పట్టుకుంటుందో పట్టునూ ఉన్నినీ అలాగే పట్టుకుంటుంది, ఎందుకంటే ఇవన్నీ మాంసకృత్తులే. పట్టుచీర మీద మెహందీ కోన్ ముద్ద పడి ఆరిపోతే ఆ రంగు పోదనే అనుకోవాలి. పడిన క్షణంలో చెంచాతో ఎత్తేసి చన్నీళ్లు అద్దగలిగితే కొంత ఆశ. నూలు బట్ట మీద పడితే ముద్ద తీసేసి, చన్నీళ్లు, లిక్విడ్, తెల్లదైతే పెరాక్సైడ్. మెహందీ రోజు పాత నూలు బట్టలు కట్టుకోమని పెద్దవాళ్లు పోరేది ఊరికే కాదు.

పట్టుచీర

పట్టు దగ్గర పద్ధతి మారుతుంది. పట్టుపోగు తడిలో బలహీనపడుతుంది, రుద్దితే నూగు లేచి ఆ చోట మెరుపు చచ్చిపోతుంది. మరక పోయినా మెరుపు లేని మచ్చ మిగులుతుంది. ఇక క్లోరిన్ బ్లీచ్ పట్టును తినేస్తుంది. సోడా ఉన్న బట్టల పౌడర్లు, ఎంజైములున్న డిటర్జెంట్లు దానికి పడవు. జరీ మీద నిమ్మరసం, వెనిగర్, పెరాక్సైడ్ పడితే జరీ నల్లబడొచ్చు. అందుకే పట్టు మీద మన పని మూడు వంతులు పొడిపనే.

చీర విప్పగానే మరక ఉన్న భాగాన్ని తెల్లగుడ్డ మీద పరవండి. టాల్కం పౌడర్ మందంగా చల్లి, పైన ఇంకో గుడ్డ కప్పి, ఒక పుస్తకం బరువు పెట్టి రాత్రంతా వదిలేయండి. పొద్దున మెత్తటి పెయింట్ బ్రష్‌తో పౌడర్ దులిపేయండి. పౌడర్ రంగు మారి ముద్దకట్టి ఉంటే జిడ్డును పీల్చినట్టు. మళ్లీ కొత్త పౌడర్. ఫౌండేషన్ మరకలు రెండు రాత్రులకి సగానికి పైగా తేలికవడం నేను చూశాను.

ఇంకా మిగిలితే తడిపని. పది పన్నెండు కుంకుడుకాయలు కొట్టి, గింజ తీసి, గ్లాసు నీళ్లలో రాత్రంతా నానబెట్టి, పిసికి, పలుచటి గుడ్డలో రెండుసార్లు వడకట్టండి. కుంకుడు రసానికి కూడా లేత గోధుమరంగు ఉంటుంది, కాబట్టి తెల్లపట్టుకీ లేత రంగులకీ దాని బదులు పట్టు కోసం అమ్మే లిక్విడ్‌ను నాలుగు చుక్కలు కప్పు చన్నీళ్లలో కలిపి వాడండి. ముందు లోపలి మూల పరీక్ష. కంచి, ధర్మవరం చీరల్లో ఒళ్లు ఒక రంగు, అంచు ఒక రంగు. రెండు చోట్లా విడివిడిగా చూడాలి. ముదురు ఎరుపు అంచు రంగు లేత ఒంట్లోకి దిగిందంటే మేకప్ మరకకన్నా అదే పెద్ద నష్టం.

పరీక్ష బాగుంటే తెల్ల నూలుగుడ్డ కొసను ఆ నురగలో ముంచి, గట్టిగా పిండి, నీళ్లు కాకుండా నురగ మాత్రం అంటేలా మరక మీద అద్దండి. బయటి నుంచి మధ్యకి. కింద గుడ్డ ఉండాలి, దాన్ని జరుపుతూ ఉండాలి. తర్వాత ఉత్త చన్నీళ్లలో ముంచి పిండిన గుడ్డతో అదే పని, నురగ పోయేదాకా. చివరికి తడి అంచు చుట్టూ ఒక గీత ఏర్పడే ప్రమాదం ఉంది. పట్టు మీద నీటి మచ్చ అనేది అలాగే వస్తుంది. అది రాకుండా, దాదాపు పొడిగా పిండిన గుడ్డతో తడి అంచును నాలుగైదు అంగుళాల దూరం దాకా పలచబరుస్తూ అద్దుకుంటూ వెళ్లండి. ఎక్కడ తడి ఆగిందో కంటికి తెలియకూడదు. ఫ్యాను కింద, నీడలో ఆరనివ్వండి. ఎండ వద్దు, హెయిర్ డ్రయ్యర్ వద్దు.

ఇస్త్రీ పెట్టేసిన మరక, నెలల నాటి మరక

నూలు బట్టయితే ఆశ వదులుకోనక్కర్లేదు. బిగుసుకున్న మైనాన్ని మెత్తబరచడానికి ముందు కొబ్బరినూనె అరగంట, తర్వాత గిన్నెల లిక్విడ్ ఇంకో అరగంట, కడిగాక వెనక నుంచి స్పిరిట్. ఈ చుట్టు పూర్తిచేసి ఆరబెట్టి చూసుకోండి. కొంచెమైనా తేలికైతే మర్నాడు ఇంకో చుట్టు. మూడు చుట్లకీ ఏమాత్రం మారకపోతే ఇంక బలవంతం చేయొద్దు, ఆ తర్వాత అరిగేది బట్టే.

డ్రై క్లీనింగ్‌కి ఇచ్చే ముందు

పట్టు మీద మెహందీ, జరీ మీద నెయిల్ పాలిష్, వెల్వెట్ మీద ఏదైనా, పరీక్షలో రంగు దిగిన ఏ బట్టయినా ఇంట్లో ముట్టుకోకుండా నేరుగా ఇచ్చేయండి. పౌడర్ చల్లడం వరకే మన వంతు. ఎంత తొందరగా ఇస్తే అంత మంచిది. పెళ్లి హడావుడి తగ్గాక చూద్దామని బీరువాలో పెట్టేస్తే జిడ్డు గాలికి ముదిరి పసుపుపచ్చగా మారి పట్టేస్తుంది.

ఇచ్చేటప్పుడు మరక చుట్టూ తెల్లదారంతో నాలుగు పెద్ద కుట్లు వేసి గుర్తు పెట్టండి. పెన్నుతో సున్నా చుట్టొద్దు. ఒకసారి నేను చీర కొంగు మడతపెట్టి మాటల్లో చెప్పి వచ్చాను, వాళ్లు అసలు మరక చూడకుండా మొత్తం చీరకి వేడి ప్రెస్ కొట్టి ఇచ్చారు. అప్పటి నుంచి కాగితం మీద రాసి పిన్ను పెట్టి ఇస్తున్నాను: మరక దేనిది, ఎప్పుడు పడింది, దాని మీద నేను ఇప్పటిదాకా ఏమేం పెట్టాను. స్పిరిట్ పెట్టి ఉంటే స్పిరిట్ అని, కుంకుడు రసమైతే కుంకుడు రసమని దాచకుండా రాయండి. వాళ్లు వాడే మందు మీరు పెట్టినదాన్ని బట్టే మారుతుంది.